ఏ గడ్డి వేయమంటారు?



రోళ్లు పగిలే రోహిణి కార్తె వెళ్లిపోతుంది. మృగశిర వస్తుంది, నాలుగు చినుకులు పడతాయి. ఏటా సరిగ్గా ఈ రోజుల్లోనే జనం నన్ను దారిలో ఆపి అడిగే ప్రశ్న ఒకటుంది. ఫోను చేసీ అడుగుతారు, పెళ్లి బంతిలో పక్క విస్తరి దగ్గర కూర్చునీ అడుగుతారు. "డాక్టరు గారూ, ఈసారి ఏ గడ్డి వేయమంటారు?"

పశువుల ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్లకు పైగా చేశాను. పొదుగువాపుకో గాలికుంటుకో ఏం చేయాలో నిలబడ్డ చోటే చెప్పేస్తాను. ఈ ప్రశ్నకు మాత్రం నిలబడి జవాబు చెప్పడం నాకు చేతకాదు. "కూర్చో, ముందు నేనడిగిన దానికి చెప్పు" అంటాను. బోరులో నీళ్లెంత? నేల ఎలాంటిది? గడ్డి పచ్చిగా వేస్తావా, ఎండబెట్టి దాచుకుంటావా, పశువును తోలి మేపుకుంటావా? ఇవన్నీ అయ్యాక చివర్న ఇంకోటి అడుగుతాను. కోసేదెవరు? ఈ మాటకు మగవాళ్లు చాలామంది నవ్వుతారు. నవ్వులాటకు అడగడం లేదని వాళ్లకు తర్వాతెప్పుడో తెలుస్తుంది.

కొన్నేళ్ల కిందటి సంగతి. పట్నంలో ఉద్యోగం మానేసి ఊరికొచ్చిన ఒక కుర్రాడు పది ముర్రా గేదెలు కొన్నాడు. పాకా వేశాడు, గడ్డి కత్తిరించే యంత్రమూ పెట్టాడు. గడ్డి విషయానికొచ్చేసరికి ఫోనులో వెతికి, సూపర్ నేపియర్ విత్తనం అని ప్యాకెట్లు తెప్పించాడు. అరెకరం దున్ని చల్లాడు. మొలకలు బాగానే వచ్చాయి. నెలన్నర తిరిగేసరికి కంకులు కూడా వేసింది. వాళ్ల నాయనమ్మ గట్టు మీద నిలబడి చూసి, "ఒరే, ఇవి సజ్జలు కదరా" అంది. ఆవిడ చిన్నప్పుడు సజ్జ సంకటి తిని పెరిగిన మనిషి, ఆవిడ కన్ను తప్పుతుందా! అమ్మినవాడికి ఫోను చేస్తే ఆ నంబరు అప్పటికే మూగబోయింది.

ఆ కుర్రాడు చదువుకున్నవాడే. మోసపోవడానికి కారణం తెలివి లేకపోవడం కాదు, ఆ గడ్డి పుట్టుక తెలియకపోవడం. నేపియర్ గడ్డిది ఆఫ్రికా. రొడీషియాలో ఉండిన కల్నల్ నేపియర్ అనే ఆయన పేరు మీద దానికి ఆ పేరొచ్చింది. ఏనుగు గడ్డి అన్నా అదే. ఆకు గరుకు, దుబ్బు మొండి, బతుకు గట్టిది. మన సజ్జ ఆకు మెత్తన, రుచి, కానీ ఏటా విత్తుకోవాలి. ఈ రెండింటినీ కలిపి మన దేశంలో శాస్త్రవేత్తలు సజ్జ-నేపియర్ సంకరం తీశారు. సజ్జలో క్రోమోజోములు 14, నేపియర్‌లో 28. పుట్టిన బిడ్డకు 21 వచ్చాయి. బేసి సంఖ్య కావడంతో జతలు కుదరవు, గింజ కట్టదు. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిద మోతకు ఎంత గట్టిదైనా పిల్లను కననట్టే. అందుకే హైబ్రిడ్ నేపియర్‌ను చెరకు ముచ్చెల్లాగా కాడ ముక్కలు నాటి పెంచాలి, లేదా వేరు పిలకలు నాటాలి. గింజల ప్యాకెట్టు మీద ఆ పేరు కనిపిస్తే ఇక బేరమాడే పనే లేదు, లేచి వచ్చేయండి.

సరే, అసలు నేపియర్ వేయాలా వద్దా? నీళ్లున్నవాడికి, పచ్చిగడ్డి కోసి గాడిలో వేసేవాడికి దానికి సాటి వచ్చే గడ్డి నాకు తెలిసి మన నేలల్లో లేదు. ఒకసారి నాటితే నాలుగైదేళ్లు కోసుకోవచ్చు. రెండు కణుపుల ముక్క తీసుకుని, ఒక కణుపు మట్టిలోకి, ఒక కణుపు పైకి ఉండేలా కాస్త ఏటవాలుగా గుచ్చాలి. ముక్కకు ముక్కకు, సాలుకు సాలుకు రెండేసి అడుగులు వదిలితే ఎకరానికి పదకొండు వేల ముక్కలు పడతాయి. మొదటి కోత 70, 75 రోజులకు. ఆ తర్వాత 45 రోజులకొకటి.

ఇక టన్నుల మాట. ఎకరానికి 150 టన్నులు, 200 టన్నులు అని వాల్‌పోస్టర్ల మీద చదివే ఉంటారు. పరిశోధన క్షేత్రంలో నీరూ ఎరువూ వేళకు అందిస్తే పెద్ద దిగుబడులు రావడం నిజమే. కానీ పచ్చి నేపియర్ బరువులో నూటికి ఎనభై పాళ్లు నీరే. వంద టన్నుల గడ్డి అంటే గేదె కడుపుకు పనికొచ్చేది ఇరవై టన్నులు. అందుకే నేను టన్నులతో మొదలుపెట్టను, గేదెతో మొదలుపెడతాను. పాలిచ్చే గేదెకు రోజుకు పాతిక కిలోల పచ్చిగడ్డి అనుకోండి. ఏడాదికి తొమ్మిది టన్నుల పైచిలుకు. నీళ్లు కట్టి, పశువుల ఎరువు తోలి, కోతకోతకూ కాస్త యూరియా వేసే మామూలు రైతు ఎకరానికి 80 నుంచి 100 టన్నులు తీయగలడు. అంటే గేదెకు పది సెంట్లు. రెండు గేదెలున్న ఇంటికి ఇరవై సెంట్ల నేపియర్ చాలు. పోస్టరు చూసి ఎకరం వేసేసి, సగం కోయలేక ముదరబెట్టి, తొమ్మిదడుగుల కర్రల్ని పొలంలో నిలబెట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఆ కర్రలు గుడిసెకు దడి కట్టుకోవడానికి పనికొస్తాయి.

రకాల మధ్య తేడా లేదా అంటే, ఉంది. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి కో-3, కో-4, కో-5 వచ్చాయి. మన రాజేంద్రనగర్ నుంచి ఏపీబీఎన్-1 వచ్చింది. లూధియానా వారి ఎన్‌బీ-21 వీటికంటే పాతది. సూపర్ నేపియర్ అంటున్నది థాయిలాండ్‌లో పాక్‌చాంగ్ అనే ఊళ్లో తయారైన రకం. అది బాగా పొడుగు పెరుగుతుంది, ఎకరాల లెక్కన వేసి యంత్రంతో కోసి పాతర వేసేవాళ్లకు బాగుంటుంది. కో-4లో పిలకలు ఎక్కువ, కాడ మెత్తన. నా మట్టుకు నాకు ఇరవై సెంట్ల రైతుకు కో-4, ఏపీబీఎన్-1 లాంటివే ఇష్టం. కానీ నిజం చెప్పమంటే, 45 రోజులకు కోసిన పాత రకం 75 రోజులకు కోసిన కొత్త రకాన్ని పాల క్యానులో ఓడించేస్తుంది. ముదిరితే కాడలో పీచు పెరిగి, ఆకులో ప్రొటీను తగ్గి, గేదె ఆకు లాక్కుని కర్ర వదిలేస్తుంది. పొద్దున గాడిలో మిగిలిన కర్రను తూకం వేసి చూడండి, మీరెంత గడ్డిని వృథాగా మోశారో తెలుస్తుంది.

నేపియర్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. అందులో ఆగ్జలేట్లు ఎక్కువ. లేత గడ్డిలో మరీ ఎక్కువ. అవి పశువు తిన్న కాల్షియాన్ని పట్టుకుని ఒంటికి అందనివ్వవు. వరిగడ్డిలోనూ ఈ గుణం ఉంది. నేపియరూ వరిగడ్డీ ఈ రెండే మేసే గేదెకు ఖనిజ లవణ మిశ్రమం వేయకపోతే ఈనిన తర్వాత లేవలేక కూలబడ్డప్పుడు నాలాంటి వాడికి రాత్రి పన్నెండింటికి ఫోను వస్తుంది. పప్పుజాతి గడ్డి కొంత కలపండి. హెడ్జ్ లూసర్న్‌ను దశరథ గడ్డి అని కూడా అంటారు, గట్టు వెంట నాటితే ఏళ్ల తరబడి కోసుకోవచ్చు. మూడు మోపుల్లో రెండు నేపియర్, ఒకటి పప్పుజాతి. దాణా ఖర్చు తగ్గేది కూడా ఇక్కడే.

ఇప్పుడు ఎండుగడ్డి సంగతికి వస్తాను. ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే.

వానాకాలంలో గడ్డి మిగులుతుంది, ఎండాకాలంలో గడ్డి కరువు. కాబట్టి మిగిలింది ఎండబెట్టి దాచుకుందాం అనుకోవడం సహజం. ఒక రైతు భాద్రపదంలో నేపియర్ కోసి, నాలుగు రోజులు ఆరబెట్టి, ఆకు గలగలమంటోంది కదా అని వాము వేశాడు. పదిహేను రోజులకు వాములోంచి పులిసిన వాసన, చెయ్యి లోపలికి పెడితే కాలినంత వేడి. విప్పి చూస్తే నడిమంతా నల్లగా, బూజు. ఆకు ఎండింది గానీ, బొటనవేలంత లావున్న కాడ లోపల నీరు అలాగే ఉంది. నూటికి పదిహేను పాళ్లకు మించి తడి ఉన్న గడ్డిని వాము వేస్తే బూజు పడుతుంది, తడి మరీ ఎక్కువైతే వేడెక్కి తనంతట తానే అంటుకోవచ్చు కూడా. నేపియర్ ఎండే గడ్డి కాదు. అది మిగిలితే ముక్కలు కొట్టి, గాలి చొరకుండా తొక్కి, పాతర వేయాలి. ఆ పాతర గడ్డినే సైలేజీ అంటున్నాం.

ఎండుగడ్డికి సన్న కాడ, ఎక్కువ ఆకు ఉన్న గడ్డి కావాలి. రోడ్స్ గడ్డి అలాంటిది, కాస్త ఉప్పు నేలను కూడా ఓర్చుకుంటుంది. గినీ గడ్డిని పూతకు ముందు కోస్తే చక్కగా ఎండుతుంది. గడ్డి ఎంత ముఖ్యమో కోసే రోజు కూడా అంతే ముఖ్యం, అక్కడే అందరం బోల్తా పడతాం.

దీనికి ఒక దూరదేశపు ముచ్చట చెబుతాను. అమెరికాలో ఆర్చర్డ్ గ్రాస్ అని ఒక గడ్డి ఉంది. పండ్ల చెట్ల నీడలో కూడా పెరుగుతుంది కాబట్టి పండ్లతోట గడ్డి అన్నారు. ఇంగ్లండులో దాన్నే కోడిపుంజు పాదం అంటారు, దాని వెన్ను చూస్తే అలాగే ఉంటుంది. చలిదేశపు గడ్డి. మన దేశంలో కశ్మీరు, హిమాచల్ కొండల్లో ఉంటుంది గానీ మన ఎండలకు నిలవదు, విత్తనం తెప్పించుకోకండి. నేను చెప్పేది వాళ్లు దాని రకాన్ని ఎంచుకునే పద్ధతి గురించి. వర్జీనియా లాంటి చోట్ల ఈ గడ్డి వసంతంలో ఒక్కసారిగా ఎదిగి వెన్ను తీస్తుంది. సరిగ్గా అప్పుడే అక్కడ వానలు. ముందే వెన్ను తీసే రకం వేసినవాడు వానలో ఎండుగడ్డి చేయలేడు. తెరిపి ఇచ్చేదాకా ఆగితే గడ్డి ముదిరి కర్రవుతుంది. అందుకని అక్కడి రైతు విత్తనం కొట్టులో మొదట అడిగేది దిగుబడి గురించి కాదు, ఇది ఎప్పుడు వెన్ను తీస్తుంది అని. 1954లో వచ్చిన పొటోమాక్ అనే పాత రకం ముందుగా వెన్ను తీస్తుంది. పెన్‌లేట్ అనేది ఆలస్యంగా తీస్తుంది, దాని పేరులోనే లేట్ ఉంది. లూసర్న్ అనే పప్పుజాతి మేతతో కలిపి వేసేటప్పుడు ఆలస్యపు రకాన్నే వేస్తారు, లూసర్న్ పూతకొచ్చేసరికి గడ్డీ కోతకొస్తుంది, ఒకటి ముదిరి ఒకటి లేతగా ఉండదు. పశువులను మేపుకునేవాడికి మాత్రం ఆ ముందొచ్చే రకమే మంచిది, చలికాలం దాటగానే పశువుల నోటికి పచ్చిక అందుతుంది కదా. ఒకే గడ్డి, రెండు రకాలు, రెండు పనులు.

అక్కడ ఇంకో కష్టం కూడా వచ్చిపడింది. ఆ గడ్డి తన తిండిని వేరులో కాక దుబ్బు మొదట్లో, నేలకు మూడు నాలుగంగుళాల ఎత్తులోపు దాచుకుంటుంది. కొత్త యంత్రాలు నేలకు గీకినట్టు కోయడం మొదలెట్టాక, పైన వేసవి ఎండ తోడై, దుబ్బులు చావడం ఎక్కువైంది. మన గినీ, నేపియర్ దుబ్బులకూ నాలుగు నుంచి ఆరంగుళాలు వదలమని నేను చెబితే, "అంత గడ్డి వదిలేస్తామా" అని దిగులుపడతారు. వదిలింది పోదండీ, వచ్చే కోతకు పెట్టుబడి అదే.

మన దగ్గర ఈ లెక్క ఎలా వేయాలి? శ్రావణ భాద్రపదాల్లో కోతకొచ్చే గడ్డిని ఎండబెట్టే ఆశ వదులుకోండి. అది పచ్చిమేతకో పాతరకో. తెలంగాణలో దసరా దాటాక ఆకాశం తేటపడుతుంది, అప్పటికి కోతకొచ్చేలా విత్తుకున్నదే ఎండుగడ్డి అవుతుంది. నెల్లూరు, ప్రకాశం వైపు ఆ రోజుల్లోనే ఈశాన్య రుతుపవనం మొదలవుతుంది కాబట్టి వాళ్లు సంక్రాంతి దాకా ఆగాలి. ఒకే రకం గడ్డి ఒక జిల్లాకు ఎండుగడ్డి, పక్క జిల్లాకు కుళ్లుగడ్డి అవడం ఇలాగే. మంచు ఆరాక కోసి, పలచగా పరిచి, మధ్యాహ్నం ఒకసారి తిరగేసి, రెండో రోజు నుంచి చిన్న కుప్పలుగా నీడ పట్టున ఆరనివ్వండి. ఎండలోనే పారేస్తే ఆకు రాలిపోతుంది, పచ్చదనం పోతుంది. మంచి ఎండుగడ్డి పసుప్పచ్చగా కాదు, ఆకుపచ్చగా ఉండాలి. గుప్పెడు తీసుకుని మెలిపెడితే చిటుక్కుమనాలి, కాడ మీద గోరు గీస్తే తడి తగలకూడదు.

కృష్ణా, గుంటూరు డెల్టా పెద్దలు ఈ కాలం లెక్క ఎప్పుడో కట్టేశారు. వరి కోతకు కొద్ది రోజుల ముందు, చేలో తడి ఉండగానే పిల్లిపెసరో జనుమో చల్లేవాళ్లు. వరి కోసేసరికి అది మొలిచి ఉండేది. నీళ్లు పెట్టకుండా ఆ మిగులు తడితోనే, మంచుతోనే పెరిగి, వాన భయం లేని రోజుల్లో కోతకొచ్చేది. దాన్ని ఎండబెట్టి, వాము వేసేటప్పుడు వరిగడ్డి ఒక వరస, పిల్లిపెసర ఒక వరస వేసేవాళ్లు. వరిగడ్డిలో ప్రొటీను మూడు నాలుగు శాతమే. ఆ పక్క వరసే దానికి ప్రాణం. ఏ విశ్వవిద్యాలయమూ విడుదల చేయని ఈ పద్ధతి మీద నాకు పక్షపాతం ఉంది, దాచుకోను. వరికోత యంత్రాలు వచ్చాక చక్రాల కింద లేత మొలకలు నలిగిపోతున్నాయనీ, రెండో పంటగా మినుమూ మొక్కజొన్నా డబ్బులిస్తున్నాయనీ మానేస్తున్నారు. డబ్బు లెక్క నేను కాదనను. ఇంట్లో రెండు గేదెలున్నవాళ్లు పాతిక సెంట్లలోనైనా చల్లి చూడండి అంటాను. అదీ కుదరకపోతే, వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా యాభై అరవై లీటర్ల నీళ్లలో కలిపి చల్లి, తొక్కి, గాలి ఆడకుండా కప్పి మూడు వారాలు మాగబెట్టి వాడుకోండి. కొలత తప్పితే యూరియా విషమవుతుంది, కళ్లతో చూసి అందాజుగా వేయొద్దు.

మెట్ట నేలల్లో ఎండుమేత అంటే జొన్న చొప్పే. దాని గురించి కొత్తగా నేను చెప్పేదేమీ లేదు, ఒంగోలు గిత్తలు ఎవరి చొప్ప తిని ఆ మూపురాలు పెంచాయో మీకే తెలుసు. ఆ జాతి బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరు మీద నెలోర్ అనిపించుకుని, అక్కడ ఆఫ్రికా నుంచి వచ్చిన బ్రాకియేరియా పచ్చికల మీద బతుకుతోంది. మన పశువు, ఆఫ్రికా గడ్డి, బ్రెజిల్ నేల. చొప్ప దగ్గరికొస్తే ఒక్క హెచ్చరిక మాత్రం చేయక తప్పదు. మృగశిర రోజుల్లోనే దాని అవసరం. తొలకరికి పాత జొన్న మోళ్ల నుంచి పిలకలు లేస్తాయి, లేదా కొత్త పైరు మోకాలెత్తు వచ్చి వాన లేక వడబడుతుంది. ఆ లేత జొన్నలో నాము ఉంటుంది. అది సైనైడు విషమే. తాడు తెంపుకున్న పశువు పది నిమిషాలు మేసినా చాలు, పొట్ట ఉబ్బి, ఊపిరి ఆడక, గింజుకుని పడిపోతుంది. సమయానికి చేరగలిగితే ఇంజెక్షన్లున్నాయి. ఎన్నోసార్లు నేను చేరలేకపోయాను. పచ్చిజొన్నను సగం పైరు పూతకు వచ్చాకే కోయండి. బాగా ఎండబెడితే విషం చాలావరకు ఎగిరిపోతుంది, పాతర వేసినా తగ్గుతుంది. పదే పదే కోసే రకాల జొన్న వేసినా మొదటి కోతకు తొందరపడొద్దు.

తోలి మేపుకునేవాళ్ల సంగతి వేరు. గొర్రెలూ మేకలూ ఉన్న అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు వాళ్లకు ఇప్పటిదాకా చెప్పిన గడ్డి ఏదీ పనికిరాదు. డెక్కల కింద నేపియర్ దుబ్బు ఒక్క సీజను కూడా బతకదు. అక్కడ అంజన్ గడ్డి, దానితో స్టైలో. స్టైలో పప్పుజాతి మొక్క, గులక నేలలోనూ బతుకుతుంది, గింజ రాల్చుకుని మరుసటి తొలకరికి మళ్లీ తనే మొలుస్తుంది. అనంతపురం జిల్లా రైతులు ఈ స్టైలో విత్తనం పండించి పై రాష్ట్రాలకు అమ్మారు కూడా. దాని గింజ పైపొర గట్టిది, అలాగే చల్లితే సగం మొలవదు. కుదురుగా పొగలు కక్కుతున్న నీళ్లలో, మరగనివ్వకుండా, 80 డిగ్రీల దగ్గర నాలుగైదు నిమిషాలు ఉంచి, తీసి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టండి. మొదటి ఏడాది మందను లోపలికి రానివ్వకూడదు. చెప్పడం తేలిక, మంద ఉన్నవాడికి ఎంత కష్టమో నాకు తెలుసు. సగం కంచె వేసి సగం వదలండి.

నీళ్లు నిలిచే చోట పారా గడ్డి. చెరువు కింద చౌడు, డ్రైన్ల పక్క, ఇంకేదీ బతకని చోట అది బతుకుతుంది. హైదరాబాదు దిగువన మూసీ నీటితో పారా గడ్డి పెంచి, నగరంలోని పాడి కొట్టాలకు మోపులమ్మి బతికిన కుటుంబాలెన్నో.

ఇక మొదట్లో వదిలేసిన ప్రశ్నకు వస్తాను. కోసేదెవరు?

కోనసీమలో ఒక ఇంటికి పాలు తగ్గిన గేదెను చూడటానికి వెళ్లాను. కొబ్బరితోట, రెండు గేదెలు. గేదెకు జబ్బేమీ లేదు, గాడిలో ముదురు నేపియర్ కర్ర అలాగే పడి ఉంది. ఇంటాయనకు 45 రోజుల లెక్క మొదలెట్టాను. ఆయన తలూపుతున్నాడు. వెనక నుంచి ఆయన భార్య, "ఆ లెక్క నాక్కూడా తెలుసు డాక్టరుగారూ, ఇలా చూడండి" అని రెండు చేతులూ చాపింది. మోచేతుల దాకా సన్నటి ఎర్రటి గీతలు. వాళ్లు వేసిన పాత రకం నేపియర్ ఆకు అంచు రంపంలా ఉంటుంది, ఆకు మొదట్లో నూగు. చెమట పట్టిన చేతుల మీద ఆ నూగు పడితే సాయంత్రం దాకా దురద. అందుకని ఆవిడ వీలైనన్ని రోజులు నేపియర్ మానేసి, గట్ల మీద గరికా తుంగా కోసుకొస్తోంది. గడ్డి ముదురుతోంది, పాలు తగ్గుతున్నాయి, నన్ను పిలిచారు.

"పొలంలో వేసేటప్పుడు ఏ గడ్డి వేద్దామని నిన్నడిగాడా అమ్మా?" అన్నాను.

"నన్నెవరడుగుతారండీ" అంది. ఆయన కొబ్బరిచెట్ల వైపు చూశాడు.

చెట్ల కింద నేల ఖాళీగా ఉంది. నేపియర్‌కు నీడ పడదు, ఎండ కావాలి. గినీ గడ్డి మాత్రం కొబ్బరి నీడలో హాయిగా పెరుగుతుంది, ఆకు సన్నన, కాడ సన్నన, కొడవలికి తేలిక, ఆగ్జలేట్లూ తక్కువ. హామిల్ అనే రకం దుబ్బు పెద్దది, మకూని కాస్త చిన్నది. దిగుబడి నేపియర్‌లో మూడింట రెండొంతులు వస్తుందేమో, కానీ కొబ్బరికి వేసే ఎరువు కాక గడ్డికి వేరేగా వేస్తే, ఉన్న నేలలోనే రెండో ఫలసాయం. వేరు పిలకలు ఎక్కడ దొరుకుతాయో చెప్పాను. ఒకే ఒక్క షరతు పెట్టాను. ఎన్ని సెంట్లు వేయాలో, ఏ రకం వేయాలో ఆవిడ చెప్పాలి.

ఆవిడ వెంటనే చెప్పలేదు. పక్క ఊళ్లో ఎవరో గినీ వేశారని విని, వెళ్లి, వాళ్ల కొడవలితో ఒక మోపు కోసి చూసి వచ్చిందట. ఆ తర్వాత చిన్న దుబ్బు రకమే కావాలంది. "పెద్దదాన్ని గుప్పిట పట్టడం కష్టంగా ఉంది, చేతికి ఇది అందుతోంది" అని కారణం చెప్పింది. ఏ పుస్తకంలోనూ ఆ గుణం పేరు నేను చూడలేదు. తర్వాతి ఏడాది వేరే పని మీద ఆ దారిన వెళ్తే ఆవిడ కనబడి, గేదె ఎన్ని పాలిస్తోందో చెప్పలేదు. నేనూ అడగలేదు. చేతులు చాపి చూపించింది.